గంపలు నల్లమల దాటి వచ్చేవి

మా అత్త పోయిందన్న మాట నాకు నంద్యాల బస్సు కండక్టరు చెప్పాడు. రోజూ పొద్దున ఆళ్ళగడ్డ బస్టాండులో బస్సు ఆగగానే, టాపు మీది గంపను దింపించి, మా కొట్టు దాకా వినపడేటట్టు ఒక కేక వేసేవాడు. నంద్యాల కొట్టు నుంచి మా అత్త పంపిన సరుకు ఆ గంపలో ఉండేది. అప్పడాల కట్టలు, తాటిబెల్లం, ఊరమిరపకాయలు, మామిడి తాండ్ర. ఆ రోజు కేక వినపడలేదు. తలెత్తి చూస్తే అతను కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో టిక్కెట్ల సంచి తప్ప ఏమీ లేదు.

"అక్కా, నంద్యాలకు పోదాం రా. బస్సు తిప్పి పెట్టించినా" అన్నాడు.

ఎందుకని నేను అడగలేదు. కొన్నాళ్ళుగా ఆమె ఆసుపత్రిలో ఉంది. ముందురోజు సాయంత్రమే చూసి వచ్చాను. కాస్త నయంగా ఉంది, పోయి కొట్టు తెరువు అని ఆమే నన్ను పంపించింది. కొట్టుకు తాళం వేయబోతే తాళంచెవి రంధ్రంలోకి దూరలేదు. కండక్టరే నా చేతిలోంచి తీసుకుని తాళం వేశాడు. తాళంచెవి తిరిగి ఇస్తూ, తెల్లారేసరికి పోయిందని, మా ఆయన చెప్పి రమ్మన్నాడని, తల వంచుకునే చెప్పాడు.

శిరివెళ్ళలో ఒక ముసలామె బస్సెక్కి నా పక్కన కూర్చుంది. నా ముఖం చూసి, కండక్టరును సైగతో అడిగింది. "గంపలామె పోయిందవ్వా. ఈమె కోడలు" అన్నాడతను. ఆ ముసలామె నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, నంద్యాల వచ్చేదాకా వదల్లేదు.

గంపలామె. ఈ ప్రాంతమంతా మా అత్తకు అదే పేరు. ఆమెది ఈ ఊరు కాదు. కృష్ణా జిల్లా దివిసీమలో, సముద్రపు హోరు ఇంట్లోకి వినపడేటంత దగ్గరి పల్లె. కె.సి. కాలువ కింద నల్లరేగడి చౌకగా దొరుకుతుందని విని, కోస్తా నుంచి రైతులు చాలామంది నంద్యాల చుట్టుపక్కలకు వచ్చి, పొలాల పక్కనే పాకలు వేసుకున్నారు. వాటిని మావాళ్ళు క్యాంపులనేవాళ్ళు, అందులోని మనుషులను క్యాంపోళ్ళు అనేవాళ్ళు. మా మామ తన అన్నదమ్ములతో కలిసి అట్లాగే వచ్చాడు. వెంట భార్య, బడికి పోయే వయసు కొడుకు. ఆ కొడుకే మా ఆయన.

మామను నేను చూడలేదు. నేలను చదును చేసి రెండు మూడు పంటలు తీశాక ఏదో విషజ్వరం పట్టుకుందట. నోటికి ఏదీ సహించకపోతే, మా ఊరి అప్పడం, ఊరమిరపకాయ ఉంటే రెండు ముద్దలు తినేవాణ్ణని అన్నాడట. మా అత్త తన అక్కకు కబురు పంపింది. ఆ అక్కను నేను తర్వాత పెద్దత్త అని పిలిచేదాన్ని. పెద్దత్త ఒక తాటాకు గంప నిండా సర్ది, మూతి గోనెగుడ్డతో కుట్టి పంపింది. గంప అవనిగడ్డ నుంచి బస్సు మీద బెజవాడకు, అక్కణ్ణుంచి గుంటూరుకు, గుంటూరులో మీటరు గేజి బండెక్కి, నల్లమల అడవిని దాటి నంద్యాల చేరింది. పోయేముందు కొన్నాళ్ళు మామ ఆ గంపలోవి నంజుకుని అన్నం తిన్నాడు. తృప్తిగా తిన్నాడని మా అత్త ఎప్పుడూ చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె ఏడ్చేది కాదు.

పరామర్శకు వచ్చిన క్యాంపు ఆడవాళ్ళు మూల ఉన్న ఆ గంపను చూశారు. ఒకామె దగ్గరకు వెళ్ళి వాసన చూసి, అక్కడే కూలబడి ఏడ్చిందట. మామ కోసం ఏడ్చిందో, వదిలి వచ్చిన ఊరి కోసం ఏడ్చిందో తెలియదనేది మా అత్త. పోయేటప్పుడు తలా కాస్త పెట్టి పంపింది. మళ్ళీ వారం వాళ్ళే వచ్చి, ఇంకో గంప తెప్పించగలవా అని అడిగారు. అట్లా మొదలైంది మా వ్యాపారం.

మరుదులు పొలం తాము చూసుకుంటామని, నువ్వు పిల్లవాడితో దివిసీమకు వెళ్ళిపో అన్నారు. ఆయన్ని ఈ కుందూ ఏటిలో కలిపి నేనెక్కడికి పోతానని, ఆమె నంద్యాల స్టేషను వీధిలో ఒక గది అద్దెకు తీసుకుంది. గుంటూరు బండి వచ్చే వేళకు ప్లాట్‌ఫారం మీద ఉండేది. ఎండు రొయ్యల వాసనకు పార్సిలు ఆఫీసు గుమాస్తా ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడట. కొన్నాళ్ళకు, గంప వచ్చే రోజున అందరికంటే ముందు రొయ్యల కోసం మనిషిని పంపేది ఆయన భార్యే.

నేను ఆమెను మొదటిసారి చూసింది ఆళ్ళగడ్డ సంతలో. డెబ్బైలు మొదలైన కొత్త. మా నాయనకు సంతవీధిలో కిరాణా కొట్టు ఉండేది. దాని అరుగు మీద ఒక పక్కన కూర్చోనిమ్మని ఆమె అడిగితే, నాయన సరేనన్నాడు. ఆ రోజు ఆమె తేగలు తెచ్చింది. తాటి టెంకలను మట్టిలో పాతితే మొలిచే దుంపలు. ఉడకబెట్టినవి, కట్టలు కట్టి పేర్చింది. మావాళ్ళు చుట్టూ మూగి చూస్తున్నారు గానీ ఎవరూ ముట్టుకోలేదు.

ఒక రైతు చేతికర్రతో ఆ కట్టను కదిలించి, "ఏందమ్మా ఇది, చెట్టు యేరా? మీ పక్క యేర్లు కూడా తింటారా?" అన్నాడు.

ఆమె కోపగించుకోలేదు. ఒకటి తీసి మధ్యకు విరిచి, పొర ఒలిచి, సగం తను నోట్లో పెట్టుకుని, సగం అతనికి ఇచ్చింది. "తిని చెప్పు బాబూ. బాగోకపోతే ఆ కర్రతోనే కొట్టు" అంది. అతను నమిలాడు. చాలాసేపు నమిలాడు. "పీచుండాది. బాగానే ఉండాదిలే" అని కర్ర చంకన పెట్టుకున్నాడు. తర్వాత పోయి తన భార్యను పిలుచుకొని వచ్చాడు. ఎవరికైనా ముందు రుచి పెట్టు, తర్వాతే అమ్ము అని ఆమె నాకు తర్వాతి రోజుల్లో ఎన్నిసార్లు చెప్పిందో. సంతలో ఆ రోజు చూసిందే నాకు ఆ పాఠం.

అప్పుడు నాకు పెళ్ళీడు రాలేదు. ఆమె ప్రతి సంతకూ వచ్చేది. నేను మంచినీళ్ళు ఇచ్చేదాన్ని, ఆమె తాండ్ర ముక్క ఇచ్చేది. కొన్నేళ్ళకు ఒకరోజు గంప ఖాళీ అయ్యాక, ఆమె మా నాయన ముందు నిలబడి, మీ అమ్మాయిని మావాడికి ఇస్తారా అని అడిగింది. వేరే మనిషిని మధ్యన పెట్టలేదు. మా అవ్వ లోపలి నుంచి వచ్చి, "సముద్రం కాడి మనుషులకు పిల్లనిస్తామా? రేపు వాళ్ళు గంప యెత్తుకొని పోతే మన పిల్ల యాడుండల్ల?" అని నాయనను అడిగింది. మా అత్త మా అవ్వ దగ్గరకు వెళ్ళి కింద కూర్చుంది. "పెద్దమ్మగారూ, మా ఆయన ఈ నేలలోనే కలిశాడు. నేను పోయేదాన్నయితే అప్పుడే పోయేదాన్ని" అంది. పెళ్ళి మహానందిలో జరిగింది.

కాపురానికి వెళ్ళిన కొత్తలో నేను ఆమెను "అత్తా" అని పిలిచేదాన్ని. మా వైపు అంతే. పెళ్ళి తర్వాత చూడవచ్చిన పెద్దత్త అది విని ఉలిక్కిపడింది. మా వైపు అత్తయ్యగారూ అంటారే అని చెల్లెలి చెవిలో చెప్పింది. మా అత్త నవ్వి, "అలాగే పిలవనీ అక్కా. నోరు నిండుగా ఉంది" అంది. పెద్దత్తను నేను చూసింది ఆ ఒక్కసారే. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఎండ ఎప్పుడు తగ్గుతుందో గాలి వాసన చూసి చెప్పేది. ఊళ్ళో పనిలేని ఆడవాళ్ళను పోగుచేసి అప్పడాలు ఒత్తించేది, మిరపకాయలు మజ్జిగలో ఊరబెట్టించేది, చేపలు ఎండబెట్టించేది. గంప మూతి మాత్రం ఎవరినీ కుట్టనిచ్చేది కాదట. ఆ కుట్టు చూస్తే మా అత్తకు అక్క ఆరోగ్యం తెలిసిపోయేది. కుట్లు వంకరగా ఉంటే, "దీనికి మళ్ళీ కళ్ళు మండుతున్నాయి" అనేది.

నేను జొన్నరొట్టె చేస్తే మా అత్త మొదట్లో నీళ్ళు తాగుతూ మింగేది. తర్వాత రొట్టెకు ఊరమిరపకాయ నంజుకుంటే బాగుంటుందని కనిపెట్టి, కొట్టుకు వచ్చే రైతులందరికీ అదే చెప్పింది. వాళ్ళు చేలోకి సద్దిమూటలో అవి కట్టుకుపోవడం మొదలుపెట్టారు. క్యాంపుల వాళ్ళ కోసం పెట్టిన కొట్టుకు ఊరివాళ్ళు రావడం అట్లా పెరిగింది. స్టేషను వీధి గది చాలక పక్క గది కూడా తీసుకున్నాం. మా ఆయన ఉద్యోగం వెతకడం మానేసి తల్లితో నిలబడ్డాడు.

పెళ్ళయిన రెండో ఏడు కార్తీకంలో ఉప్పెన వచ్చింది.

నంద్యాలలో మాకు వానా, గాలీ మాత్రమే. రేడియోలో దివిసీమ పేరు విన్నాక ఆమె కొట్టు తలుపు వేసింది. తంతులు వెళ్ళడం లేదు. బళ్ళు ఆగిపోయాయి. దారులు తెరిచారని తెలియగానే తల్లీ కొడుకూ బయలుదేరారు. ఒళ్ళో పసిబిడ్డ ఉన్న నేను ఉండిపోయాను.

తిరిగి వచ్చినప్పుడు ఆమె చెప్పులు లేకుండా వచ్చింది. కాళ్ళ నిండా గీతలు. నేను నీళ్ళు పెట్టి కాళ్ళు కడుగుతుంటే, "తాడిచెట్లు నిలబడే ఉన్నాయే అమ్మాయ్. ఊరు లేదు" అంది. అంతే. పెద్దత్త దొరకలేదు. ఆమె భర్త, పిల్లలు, ఎవరూ దొరకలేదు. ఊళ్ళో బతికిన వాళ్ళు చెట్లను, ముళ్ళకంపలను పట్టుకుని బతికారని మా ఆయన చెప్పాడు. అతను చూసిన మిగతావి నాకు ఇప్పటికీ చెప్పలేదు. నేను అడగలేదు.

కొట్టు మూసే ఉంది. ఒక పొద్దున తలుపు తట్టిన చప్పుడు. తీస్తే ఆళ్ళగడ్డ సంతలో తేగను కర్రతో కదిలించిన ఆ రైతు. భుజం మీద బియ్యం మూట. "మీ ఊర్లో మునిగిపోయిండారంట. ఇది ఆడికి పంపీమ్మా" అని అరుగు మీద దించి, కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి ఇంకొకరు. మరునాటికి అరుగు పట్టలేదు. బియ్యం, జొన్నలు, చీరలు, దుప్పట్లు. మహానంది నుంచి ఎవరో అరటిగెలలు తెచ్చారు, చేరేలోపల మగ్గిపోతాయని ఎవరికీ తోచలేదు. తెచ్చినవాళ్ళలో అంతకుముందు క్యాంపోళ్ళని ఎడంగా చూసినవాళ్ళే ఎక్కువమంది. ఇవన్నీ ఎట్లా పంపాలని మేం అనుకుంటుంటే, బేతంచెర్ల బండలు బెజవాడకు తోలే లారీ డ్రైవరొకడు వచ్చి, "నా బండల మీద ఏసుకొని పోతాలేమ్మా. బాడుగ మాట ఎత్తొద్దు" అన్నాడు. మా ఆయన లారీలో వెళ్ళాడు. లారీ కదిలినప్పుడు మా అత్త దాని వెనక వీధి చివరి దాకా నడిచింది. అప్పటిదాకా ఏడవని మనిషి వీధి చివర నిలబడి గట్టిగా ఏడ్చింది. నేను పోయి పట్టుకుంటే, "ఇటు నుంచి అటు గంప వెళ్ళడం ఇదే మొదలే" అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు రైల్వే పార్సిలు ఆఫీసు నుంచి కబురొచ్చింది. గంప వచ్చిందని.

పొరపాటు అనుకున్నాం. కాదు. ఉప్పెనకు ముందు పెద్దత్త బస్సుకు వేసిన గంప అది. గుంటూరులో బళ్ళు ఆగిపోయి, గోడౌనులో పడి ఉండి, దారి బాగయ్యాక వచ్చింది. గుమాస్తా ఈసారి ముక్కుకు గుడ్డ పెట్టుకోలేదు. తానే మోసుకొచ్చి రిక్షాలో పెట్టాడు. ఇంటికి తెచ్చాక మా అత్త ఆ గంప ముందు కూర్చుని, మూతి మీది కుట్టు మీద వేలు పెట్టి ఒక్కొక్క కుట్టూ తడిమింది. కుట్లన్నీ తిన్నగా ఉన్నాయి.

"ఒంట్లో బాగానే ఉంది దానికి" అంది.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

చాలా రోజులు ఆ గంప అట్లాగే ఉంది. ఒకనాడు ఆమే దబ్బనం తెచ్చి, దారం తెంపకుండా కుట్టు విప్పింది. ఆ దారాన్ని చుట్టి దేవుడి గూట్లో పెట్టింది. తేగలు బూజుపట్టి ఉన్నాయి. అప్పడాలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటిని ఒక డబ్బాలోకి తీసి పెట్టింది, అమ్మలేదు. అడిగినవాళ్ళకూ ఇవ్వలేదు. రోజూ మధ్యాహ్నం అన్నం వేళకు కొన్ని తీసి నన్ను వేయించమనేది. "మాడ్చకే" అనేది, ప్రతిరోజూ. అందరం కూర్చుని పెద్దత్త చేతి అప్పడం తినేవాళ్ళం. అప్పడం విరిగే చప్పుడు తప్ప ఇంకేం వినపడేది కాదు. అయిపోయిన రోజున డబ్బా అడుగున మిగిలిన పిండిని వేలితో అద్దుకుని నాలిక మీద వేసుకుని, డబ్బా కడిగి బోర్లించింది.

కొట్టులో పాత సరుకుగా ఎండు రొయ్యలు, ఉప్పు చేపలు ఉండిపోయాయి. ఉప్పెనకు ముందు వచ్చినవే. అయినా ఆమె దొడ్లో గుంత తవ్వించి వాటిని పూడ్పించింది. ఆ తర్వాత మా కొట్టులో సముద్రం సరుకు అమ్మలేదు. ఎవరైనా అడిగితే లేవని చెప్పేది, ఎందుకు లేవో చెప్పేది కాదు. ఆమె చేప తినగా నేను మళ్ళీ చూడలేదు.

ఇంక వ్యాపారం లేదనే అనుకున్నాం. మా నాయన వచ్చి, ఆళ్ళగడ్డలో తన కొట్టులో అల్లుడిని కూర్చోబెట్టుకుంటానన్నాడు. ఆమె సరేనంది. అయితే వేసవి మొదట్లో ఒకరోజు, మినప్పప్పు రెండు బస్తాలు కొనుక్కు రమ్మని కొడుకుతో చెప్పింది. నన్ను చూసి, "నువ్వు నాతో రావే" అంది.

"యాడికత్తా?" అన్నాను.

"మా ఊరికి."

పసిదాన్ని మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళాను. అడవిలో బండి నెమ్మదిగా పోతుంటే ఆమె కిటికీ వైపు చూడకుండా ఎదురుగా చూస్తూ కూర్చుంది. పల్లె ఉన్నచోట వరసగా వేసిన తాటాకు పాకలు. మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. పాకల ముందు నీడలో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. పంచిన బియ్యం తింటున్నారు, పంచిన చీరలు కట్టుకున్నారు. చెయ్యడానికి ఏ పనీ లేదు. మా అత్తను చూసి ఒక్కొక్కరూ లేచి వచ్చి మీద పడి ఏడ్చారు. ఒకామె మాత్రం లేవలేదు. పెద్దత్త దగ్గర అప్పడాలు ఒత్తినవాళ్ళలో ఆమె ఒకతి. పిల్లలందరూ పోయారు. ఆ రోజు నుంచి మాటలేదని చెప్పారు.

మా అత్త ఎవరికీ ధైర్యం చెప్పలేదు. కళ్ళు తుడుచుకుని, "రోలుందా ఎక్కడైనా?" అని అడిగింది. వాళ్ళకు అర్థం కాలేదు. ఆమె మళ్ళీ అడిగింది. ఇళ్ళు కొట్టుకుపోయాయి గానీ రోలు ఎక్కడికి పోతుందని ఎవరో అన్నారు. ఆడవాళ్ళందరం కలిసి, ఇళ్ళున్న చోట ఎండిన బురద తవ్వితే ఒక రోలు బయటపడింది. అది ఎవరి ఇంటిదో వాళ్ళకు తెలుసు. ఎవరూ పేరు చెప్పలేదు. నీళ్ళు పోసి పోసి కడిగారు. మేం తెచ్చిన మినప్పప్పును ఆ రోట్లోనే పిండి కొట్టి, కలిపి, మళ్ళీ అందులో వేసి దంచడం మొదలుపెట్టారు. దంచిన ముద్దను మా అత్త ఉండలు చేసి, మేం తెచ్చిన అప్పడాల పీట, కర్ర తీసుకెళ్ళి, మాట్లాడని ఆ మనిషి ముందు పెట్టి వచ్చింది. ఆమె చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చుంది. మేం మా పనిలో ఉన్నాం. ఎప్పుడు మొదలుపెట్టిందో తెలియదు, తిరిగి చూసేసరికి ఆమె చేతులు ఒత్తుతున్నాయి. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. అప్పడాలు మాత్రం గుండ్రంగా, పల్చగా వస్తున్నాయి.

"ఇవి ఎవరు కొంటారమ్మా ఇప్పుడు?" అని ఒక ముసలామె అడిగింది.

"నేను కొంటాను. నంద్యాలలో తింటారు" అంది మా అత్త.

సముద్రం అక్కడికి కనపడుతుంది. నేను అప్పటిదాకా సముద్రం చూడలేదు. చూసి వస్తానత్తా అంటే, పోయిరా అంది. తాను మాత్రం ఆ వైపు వీపు పెట్టి కూర్చుంది. ఉన్న రెండు రోజులూ అట్లాగే కూర్చుంది.

అట్లా మళ్ళీ గంపలు వచ్చాయి. మొదట ఒక్కటి, తర్వాత ప్రతి వారం. మూతి కుట్టేది మాట్లాడని ఆ మనిషే. ఎనభైల్లోకి వచ్చేసరికి ఆ ఊరే కాక పక్క ఊళ్ళ ఆడవాళ్ళు కూడా చేరారు. ఆళ్ళగడ్డలో మా నాయన కొట్టు సగం మాదయింది. మా అత్త అది నాకు అప్పగించింది. అహోబిలం పోయే యాత్రికుల బస్సులు అక్కడ ఆగుతాయి. కోస్తా వాళ్ళు దిగి మా కొట్టు చూసి, ఇక్కడ ఇవెట్లా దొరుకుతున్నాయని ఆశ్చర్యపోయేవాళ్ళు. అహోబిలం అర్చకస్వామి ఒకాయన దగ్గుకు తాటిబెల్లం తీసుకుపోయేవాడు. నందికొట్కూరు, జూపాడు బంగ్లా, కోయిలకుంట్ల దాకా చిన్న కొట్ల వాళ్ళు మా దగ్గర తీసుకుపోయి అమ్మారు. వెళ్ళే గంప ఖాళీగా వెళ్ళకూడదని ఆమె నియమం. కొర్రలు, నువ్వులు, వేసవిలో బనగానపల్లె మామిడిపళ్ళు, ఏదో ఒకటి వేసి పంపేది. పంపేటప్పుడు మూతి తనే కుట్టేది.

అన్నేళ్ళలో ఆమె మాట కూడా మారిపోయింది. "బిరీన రాప్పా, బండి పోతాంది" అని మా ఆయనను అరిచేది. దివి నుంచి ఫలానా పెళ్ళికి పిలవడానికి వచ్చినవాళ్ళు, మీ అత్త మాట నంద్యాల మాటైందే అని నవ్వేవాళ్ళు. నంద్యాలలో మాత్రం ఆమె చివరిదాకా కోస్తామె. ఒకసారి దాని గురించే నేనేదో అంటే, "ఏ ఊరిదాన్నని అడిగితే ఆకలేస్తే ఏం గుర్తొస్తుందో చూసుకోవాలే. నాకు ఇప్పుడు నీ రొట్టె గుర్తొస్తోంది" అంది. అక్కకు మాత్రం కర్మ చేయలేదు. చేయమని పెద్దలు ఎన్నిసార్లు చెప్పినా, "దొరకని మనిషికి ఏం చేస్తాం" అనేది. ప్రతి కార్తీకంలో ఒక రోజు కొట్టు మూసేది. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఈ ఏడు వానలు మొదలయ్యాక ఆయాసం వచ్చింది. గంప దగ్గర కూర్చుని లేవలేకపోయింది. నంద్యాల ఆసుపత్రిలో గుండె నీరసపడిందన్నారు. మంచం మీద కూడా ఈ వారం గంప వచ్చిందా, తాండ్రకు చీమలు పట్టకుండా చూశావా అని అడిగేది. పోవడానికి నాలుగు రోజుల ముందు, మా ఆయనను, నన్ను దగ్గరకు పిలిచింది. తన బూడిదను ఎక్కడ కలపాలో చెప్పబోయింది. మా ఆయన, "హంసలదీవికి తీసుకుపోతానమ్మా. కృష్ణ సముద్రంలో కలిసే చోటు. పెదమ్మ కూడా ఆ నీళ్ళలోనే కదా ఉంది" అన్నాడు.

ఆమె తల అడ్డంగా తిప్పింది. ఊపిరి తీసుకోవడానికి ఆగి ఆగి మాట్లాడింది.

"ఆ సముద్రం దగ్గరికి నన్ను తీసుకెళ్ళకు. అది నన్నడిగి తీసుకుపోలేదు మా అక్కని. నన్ను కుందూలో కలపండి. మీ నాన్నని కలిపిన చోట."

మా ఆయన సరే అన్నాడు. నా వైపు చూసింది. "సరేలే అత్తా" అన్నాను. అప్పుడు గానీ కళ్ళు మూసుకుని నిద్రపోలేదు.

తంతి అందుకుని దివి నుంచి ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో చాలామంది నల్లమల దాటడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళు తమ చేతులతో చేసినవి అమ్ముడుపోయే ఊరిని వాళ్ళు అప్పుడే చూశారు. స్టేషను నుంచి నేరుగా కొట్టుకు వెళ్ళారు. అరల్లో కట్టలు కట్టలుగా ఉన్న తమ అప్పడాలను చూస్తూ నిలబడ్డారు. మాట్లాడని ఆ మనిషి కూడా వచ్చింది. జుట్టు మొత్తం తెల్లబడింది. ఆ మధ్య సంవత్సరాల్లో కాస్త కాస్త మాట వచ్చిందని విన్నాను గానీ నా ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె నా దగ్గరకు వచ్చి, నా ముఖం చూడకుండా, తక్కెడ వైపు చూస్తూ అడిగింది.

"ఇంక మావి ఎవరు తింటారమ్మా?"

"నేనుండాను" అన్నాను. ఆమె తల ఊపి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చుంది.

అస్థికలతో కుందూ ఒడ్డుకు అందరం వెళ్ళాం. ఎగువన వానలు పడి నీళ్ళు ఎర్రగా, మోకాటి లోతున పారుతున్నాయి. మా ఆయన నీళ్ళలోకి దిగాడు. దివి ఆడవాళ్ళు గట్టు మీదే ఆగిపోయారు. ఉప్పెన తర్వాత వాళ్ళు ఏ పారే నీళ్ళలోనూ కాలు పెట్టలేదు. కుందూ పోయి పెన్నలో కలుస్తుంది, పెన్న పోయి సముద్రంలో కలుస్తుంది. అది బడిలో చదువుకున్నదే. ఆమెకు తెలుసో లేదో నాకు తెలియదు. మా ఆయనకు తెలుసు. ఇద్దరం ఆ మాట అనుకోలేదు.

మా ఆయన కుండ వంచాడు. బూడిద కొంత పోయింది. కొంత ఒడ్డునే జమ్ము మొదళ్ళ మధ్య చిక్కుకుని, పోకుండా, తెల్లగా తెప్పలా కట్టి అక్కడక్కడే తిరిగింది. మా ఆయన దాన్ని చూసి చెయ్యి చాపబోయి ఆగిపోయాడు. అప్పుడు నా పక్క నుంచి ఎవరో గట్టు దిగారు. మాట్లాడని ఆ మనిషి. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఒక్కొక్క అడుగే తడుముకుంటూ నీళ్ళలోకి నడిచింది. జమ్ము దగ్గర వంగి, అప్పడాలు ఒత్తి ఒత్తి చదునైపోయిన అరచేతిని నీళ్ళ మీద ఆనించి, మెల్లగా, చాలా మెల్లగా, ఆ బూడిదను పారే నీళ్ళ వైపు తోసింది.